పికప్ మైలేజీ పడిపోయింది: నాజిళ్ళు దింపే ముందు మేం ఏం చూశామంటే

మా పికప్ 2018 మోడల్, బీఎస్4 (పొగ నిబంధనల స్థాయి) డీజిల్, కామన్ రైల్ ఇంజను, అంటే నాజిళ్ళన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకం. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరికాయ, రావులపాలెం మార్కెట్ నుంచి అరటి గెలలు, సీజన్‌లో మలికిపురం వైపు చెరువుల నుంచి భీమవరం ప్లాంట్లకి రొయ్యలు. ఇవే దాని కిరాయిలు. లోడుతో వెళ్ళడం, ఖాళీగా రావడం రెండూ కలిపి చూసుకుంటే లీటరుకి 12.5 నుంచి 13 కిలోమీటర్ల మధ్య ఇచ్చేది. సంక్రాంతి కిరాయిలు అయ్యాక లెక్క చూస్తే 9.6 తేలింది. అంటే వంద కిలోమీటర్లకి 8 లీటర్లు తాగే బండి పదిన్నర దాకా తాగుతోంది. రోజుకి 150 కిలోమీటర్లు తిరిగే బండికి, లీటరు డీజిల్ వందకి దగ్గర్లో ఉన్న రోజుల్లో, ఆ తేడా ఎంతో కిరాయి బండి నడిపేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మొదట చూపించిన షెడ్డులో స్కానర్ పెట్టారు. లోపం చెప్పే కోడు ఏదీ రాలేదు. అయినా సరే, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ మీద పడ్డారు. "నాజిళ్ళు పోయుంటాయండి, నాలుగూ దింపేసి పంపు కూడా సర్వీసు చేయించేద్దాం, 40 వేల దాకా అవుద్ది" అన్నారు. పోయుంటాయి అన్నారు గానీ, పోయాయని ఎలా తెలిసిందంటే జవాబు లేదు. మన కోనసీమలో మైలేజీ తగ్గిందని చెప్పిన ప్రతి డీజిల్ బండికీ మొదట వినిపించే మాట ఇదే. నిజంగానే నాజిళ్ళు పోయే బళ్ళు ఉంటాయి, కాదనను. కానీ అది చూసి తేల్చగలిగే విషయం. చూడకుండా 40 వేలు పెట్టడం నాకు నచ్చలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అక్కణ్ణుంచి బండిని మా నాన్న కాలం నుంచి లారీలు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. మేం బాబాయ్ అంటాం. ఆయన బానెట్ ఎత్తనే లేదు. "నాజిళ్ళ సంగతి తర్వాత చూద్దాం అబ్బాయ్. ముందు 9.6 అన్నావు, ఆ లెక్క ఎట్టా తీశావో చెప్పు" అన్నారు.

లెక్క ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి తీసిందే. ఐదొందలకీ వెయ్యికీ కొట్టించి ముల్లు చూసి చెప్పే మైలేజీ దేనికీ పనికిరాదు. ఒకే బంకు, వీలైతే అదే పంపు, బండి చదునైన చోట నిలబడాలి, గన్ను తనంతట తాను టక్కున ఆగిన దగ్గరే ఆపేయాలి. పైన ఇంకో అర లీటరు కుక్కించకూడదు. మీటరు రాసుకుని, ట్యాంకు ముప్పాతిక ఖాళీ అయ్యేదాకా తిరిగి, మళ్ళీ అలాగే నింపాలి. రెండు మూడు ట్యాంకుల సగటు తీస్తేనే దాన్ని నమ్మొచ్చు. యానాం వైపు కిరాయి పడితే అక్కడ డీజిల్ చవక కాబట్టి మనవాళ్ళందరం అక్కడ నింపుకుంటాం. లెక్క తీసే రోజుల్లో మాత్రం అది మానేసి ఒకే బంకులో కొట్టించాను.

బంకు మీద అనుమానం ఉంటే తీర్చుకునే దారి కూడా ఉంది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. కస్టమరు అడిగితే అందులో కొట్టి చూపించాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడా అనుమతిస్తారు. నేను అడిగితే మారుమాట లేకుండా కొట్టి చూపించారు, కొలత సరిగ్గా ఉంది. కిలోమీటర్ల మీటరు కూడా సరిచూశాను. రావులపాలెం నుంచి సిద్ధాంతం వైపు హైవే మీద కిలోమీటరు రాళ్ళతో పోలిస్తే రెండూ కలిశాయి. టైర్ల సైజు మార్చిన బళ్ళలో మీటరే అబద్ధం చెబుతుంది, ఇంజనుకి పాపం ఏ సంబంధమూ ఉండదు. ఇక ట్యాంకు కింద, పైపుల దగ్గర, ఫిల్టరు దగ్గర డీజిల్ తడి ఉందేమోనని వేలితో తుడిచి చూశాం. ఎక్కడా లేదు.

అంటే 9.6 నిజమే. బండి నిజంగానే తాగుతోంది.

తేలిగ్గా అయ్యేవి ముందు చేశాం. టైర్లలో గాలి తలుపు దగ్గర స్టిక్కరు మీద లోడుకి రాసినంత పట్టించాం. వెనక రెండూ బాగా తక్కువలో ఉన్నాయి. ఎయిర్ ఫిల్టరు విప్పితే అరచేతి మందాన దుమ్ము, మధ్యలో వరి పొట్టు. కోతల రోజుల్లో మన రోడ్లన్నీ కళ్ళాలే. ధాన్యం ఆరబోసిన పక్కనుంచి, తూర్పారబట్టే చోట నుంచి రోజూ పోయే బండికి ఇది మామూలే. కొత్త ఫిల్టరు వేశాం. బండి కొంచెం చురుగ్గా లాగింది, పొగ తగ్గింది, మైలేజీ మాత్రం 9.9 దగ్గర ఆగింది. ఆ 0.3 కూడా చాలావరకు టైర్ల గాలి వల్లే వచ్చి ఉంటుందని నా నమ్మకం. ఇప్పటి టర్బో డీజిల్‌కి ఫిల్టరు కొంచెం మూసుకుంటే ముందు బలం తగ్గుతుంది. ఫిల్టరు మార్చగానే లీటరుకి రెండు కిలోమీటర్లు పెరుగుతుందన్న మాట నేను నమ్మను.

అప్పుడు బాబాయ్ చెప్పిన పరీక్ష నాకు భలే నచ్చింది. మన డెల్టాలోనే అది ఇంత బాగా కుదురుతుంది, ఎందుకంటే ఇక్కడ నేలకి ఎత్తుపల్లాలు లేవు. మా ఊరి కాలవ పక్క రోడ్డు తిన్నగా ఉంటుంది, పొద్దున్నే జనం ఉండరు. ఖాళీ బండిని 40 వేగం దాకా తీసుకెళ్ళి, ఒక కరెంటు స్తంభం దగ్గర న్యూట్రల్ చేసి వదిలేయడమే. ఇంజను మాత్రం ఆపకూడదు, ఆపితే బ్రేకు బలం, పవర్ స్టీరింగూ రెండూ పోతాయి. బండి తనంతట తాను ఎన్ని స్తంభాలు దాటి ఆగుతుందో చూడాలి. గాలి ఒకవైపు తోస్తుంది కాబట్టి అటు ఒకసారి, ఇటు ఒకసారి వదలాలి. మా బండి రెండు వైపులా నాలుగో స్తంభం దగ్గరే చతికిలబడింది. పక్కింటి వాళ్ళ అదే మోడల్ బండి, అంతే వయసుది, ఆరో స్తంభం దాటి ఆగింది.

ఈ పరీక్షలో ఇంజనుకి పని లేదు. న్యూట్రల్‌లో ఉన్న బండిని ఆపేది చక్రాలు, బేరింగులు, బ్రేకులు, వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ గేర్లు, గాలి. నాజిళ్ళు ఎంత బాగున్నా, ఎంత పాడైనా ఆ నాలుగో స్తంభం మారదు. అంటే మా డీజిల్‌లో కొంత భాగమైనా చక్రాల దగ్గరే ఖర్చవుతోందని రూపాయి పెట్టకుండా తేలిపోయింది. కాలికి గుదిబండ కట్టిన ఎద్దు లాంటి స్థితి. దాణా ఎక్కువ తింటోందని పొట్టకి మందు వేస్తే ఏం లాభం?

తర్వాత బండిని ఎనిమిది పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా తొక్కకుండా నడిపి, షెడ్డులో ఆపగానే నాలుగు చక్రాల వేడి చూశాం. రొయ్యల ప్లాంటులో పనిచేసే తమ్ముడు ఒకడు లేజర్ థర్మామీటర్ తెచ్చాడు. అది లేకపోయినా చెయ్యి దగ్గరగా పెడితే సెగ తెలిసిపోతుంది. ముట్టుకోకండి, కాలుతుంది. ముందు ఎడమ డిస్కు 60 డిగ్రీల దగ్గర ఉంటే కుడి డిస్కు 140 చూపించింది. వెనక కుడి డ్రమ్ము కూడా ఎడమదాని కన్నా కొంచెం వేడిగా ఉంది. జాకీ ఎత్తి తిప్పితే ముందు ఎడమ చక్రం చేత్తో తోస్తే ఒకటిన్నర చుట్టు తిరిగింది. కుడిది తోసిన మేరకే తిరిగి, గర్రుమని ఆగిపోయింది.

ఇక్కడ బాబాయ్ చేసిన పని చిన్నదే గానీ, ఏ భాగం మార్చాలో తేల్చింది అదే. డిస్కుని ప్యాడ్లతో పట్టుకునే క్యాలిపర్ వెనక, బ్రేకు ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపిల్ ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేశారు. రెండు చుక్కలు ఆయిల్ కారింది. "ఇప్పుడు తిప్పు" అన్నారు. చక్రం అలాగే బిగుసుకుని ఉంది. నిపిల్ వదలగానే చక్రం తేలికైతే, లోపల ఆయిల్ ప్రెషర్ వెనక్కి వెళ్ళక పట్టేసినట్టు. అప్పుడు తప్పు ఆయిల్ తెచ్చే రబ్బరు హోసుదో, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌దో అవుతుంది. వదిలినా బిగుతు పోలేదంటే ప్రెషర్‌తో పని లేదు, క్యాలిపర్ దగ్గరే ఏదో ఇరుక్కుందన్నమాట. ఇది చూడకుండా హోసులు, మాస్టర్ సిలిండర్ అన్నీ మార్చేసిన బళ్ళు నాకు తెలుసు.

క్యాలిపర్‌కి రెండు పిన్నులుంటాయి. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కితే, క్యాలిపర్ మొత్తం ఆ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని కూడా దగ్గరికి లాగుతుంది. కాలు తీస్తే మళ్ళీ వదులవుతుంది. మా బండికి కింది పిన్ను వేళ్ళతో లాగితే వచ్చేసింది. పై పిన్ను గుండ్రంగా తిరుగుతోంది గానీ బయటికి రాదు. దాని రబ్బరు తొడుగు ఒకచోట చిరిగి ఉంది. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, కాసేపు నానబెట్టి, చిన్న సుత్తితో తడుతూ తీస్తే పసుపు ఎరుపు కలిసిన తుప్పు పొడితో బయటికొచ్చింది. గ్రీజు అన్న జాడ లేదు, ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ప్యాడ్లు చూస్తే బయటిది సగం పైగా మిగిలి ఉంది. లోపలిది ఇనుము తగలడానికి కొద్ది దూరంలో ఉంది. ఒకే చక్రానికి రెండు ప్యాడ్లు ఇంత తేడాగా అరిగాయంటే పిన్ను పట్టేసిందనే చెప్పొచ్చు.

ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పాలా? రొయ్యల ట్రేల్లో ఐసు కరిగి, ఆ నీళ్ళు దారి పొడవునా బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదకి, చక్రాల మీదకి కారుతూనే ఉంటాయి. చెరువు గట్ల మీద ఉప్పునీటి బురద సరేసరి. చించినాడ బ్రిడ్జి మీదుగా రోజూ రొయ్యలు దాటించే బళ్ళన్నిటి అడుగూ ఒక్కసారి వంగి చూడండి. కొబ్బరికాయలు మాత్రమే వేసే బండికి, రొయ్యలు వేసే బండికి రెండేళ్ళలోనే తేడా తెలుస్తుంది.

పిన్నులు ఎమరీ పేపరుతో తుడిచి, కొత్త రబ్బరు తొడుగులు వేసి, బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు రాశాం. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, కొన్నాళ్ళకి పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. ఈ ఒక్క మాట మీ మెకానిక్ దగ్గర గట్టిగా చెప్పండి. ప్యాడ్లు రెండు వైపులా జతగా మార్చాం. పిస్టన్ సాఫీగా వెనక్కి వెళ్తోందో లేదో కూడా చూశాం, వెళ్తోంది. వెనక కుడి డ్రమ్ము వేడికి కారణం హ్యాండ్ బ్రేకు కేబులు. తొడుగు లోపల తుప్పు పట్టి లివర్ దించినా కేబులు పూర్తిగా వెనక్కి రావట్లేదు. దాన్నీ మార్చాం. అంతా కలిపి సామాను, కూలి 5 వేలు దాటలేదు.

మర్నాడు పొద్దున్న అదే రోడ్డు, అదే స్తంభం. బండి ఐదు దాటింది, ఆరో స్తంభం కూడా దాటి ఆగింది. నాకు ఎంత సంతోషమేసిందో! తర్వాత తీసిన ట్యాంకుల లెక్కలో 11.2 వచ్చింది.

ఇంకా పాత మైలేజీకి ఒకటిన్నర దాకా తక్కువుంది. ఇప్పుడు ఇంజను వంతు.

నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. హైవే ఎక్కి వేగం అందుకునేసరికి టెంపరేచర్ ముల్లు కిందికి దిగిపోతుంది. ఊళ్ళోకి వచ్చి నెమ్మదిస్తే కొంచెం లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో ముల్లు వేడెక్కాక ఒకచోట కదలకుండా నిలబడాలి. బాబాయ్ తెల్లారి చల్లగా ఉన్న బండి స్టార్ట్ చేయించి, ఇంజను నుంచి రేడియేటర్‌కి వెళ్ళే పై గొట్టం పట్టుకున్నారు. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వు. అందుకే అప్పటిదాకా ఆ గొట్టం చల్లగానే ఉండి, వాల్వు తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కాలి. మాది మొదటి నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతోంది. విప్పి చూస్తే అక్కడ థర్మోస్టాట్ లేనే లేదు. ఖాళీ!

కిందటి వేసవిలో ఒకచోట రేడియేటర్ పని చేయించాం. అప్పుడే దాన్ని పీకేశారు. మన షెడ్లలో ఇది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. "ఈ ఎండలకి ఇదెందుకండీ, తీసేస్తే ఇంజను చల్లగా ఉంటది" అంటారు. ఈ మాట మీద నాకు నిజంగా కోపం ఉంది, ఎందుకంటే అది బండి యజమానికి చెప్పకుండా చేసే పని, పైగా తప్పు పని. డీజిల్ ఇంజను 80, 90 డిగ్రీల మధ్య పనిచేయడానికి తయారుచేసింది. అంతకన్నా చల్లగా ఉంటే మండిన డీజిల్ వేడిలో మామూలు కన్నా ఎక్కువ భాగం రేడియేటర్ నీళ్ళలోకి పోతుంది, ఇంజను ఆయిల్ చిక్కగా ఉండి లోపల రాపిడి పెరుగుతుంది. ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ డీజిల్ ఎక్కువ వదులుతుంది. సెన్సర్లన్నీ బాగానే ఉంటాయి కాబట్టి స్కానర్లో లోపం కనిపించకపోవచ్చు. ఇంకో మాట, థర్మోస్టాట్ తీసేస్తే వేడి సమస్య తీరుతుందన్నది కూడా అన్ని ఇంజన్లకీ నిజం కాదు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కనున్న బైపాస్ దారిని మూసేస్తుంది. అది లేకపోతే కొన్ని నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజనులోనే తిరుగుతాయి. ఎండాకాలం ఫుల్ లోడులో అదే వేడి పెంచుతుంది.

కొత్తది కొన్నాక బిగించే ముందు ఇంట్లోనే పరీక్ష చేశాం. మా ఆవిడ పాత గిన్నె ఒకటి ఇచ్చింది. అందులో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగుకి తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించాం. దాని మీద 82 అని ముద్ర ఉంది. 80 దాటేదాకా చలనం లేదు. తర్వాత మధ్యలో బిళ్ళ సన్నగా కదిలి, నీళ్ళు తెర్లే సమయానికి పూర్తిగా తెరుచుకుంది. పొయ్యి ఆపితే మళ్ళీ మెల్లగా మూసుకుంది. కొత్త సామాను కూడా పాడై రావచ్చు కాబట్టి ఈ పదినిమిషాల పని మానకండి. మంచి నీళ్ళు కాకుండా సరైన కూలెంట్ పోసి, గాలి పోయేదాకా బ్లీడింగ్ చేసి బిగించాం. 2 వేల లోపే అయింది. ముల్లు ఇప్పుడు రావులపాలెం బ్రిడ్జి మీద పోయినా, అమలాపురం గడియార స్తంభం దగ్గర ట్రాఫిక్‌లో నిలబడినా ఒకేచోట ఉంటోంది. మైలేజీ 12.3కి వచ్చింది.

మరి నాజిళ్ళు? వాటినీ వదల్లేదు. లీక్ ఆఫ్ పరీక్ష అని ఉంది. నాలుగు నాజిళ్ళ రిటర్న్ పైపులు ఊడదీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టి, ఇంజను కొద్ది నిమిషాలు తిరగనిస్తారు. ఏ సీసాలో మిగతా వాటికన్నా బాగా ఎక్కువ డీజిల్ చేరితే ఆ నాజిల్ లోపల అరిగినట్టు. మా నాలుగు సీసాలూ దాదాపు ఒకే గీత దగ్గర ఆగాయి. 40 వేలు అడిగిన నాజిళ్ళే ఇప్పటికీ బండికి ఉన్నాయి. టర్బో నుంచి వచ్చే హోసుల క్లిప్పుల దగ్గర కూడా ఆయిల్ చెమ్మ ఉందేమో, గాలి చీదుతోందేమో చూశాం, బాగున్నాయి.

ఒక్కో పని అయ్యాక ట్యాంకు లెక్క తీసుకుంటూ పోవడం వల్లే ఏది ఎంత తిందో తెలిసింది. అన్నీ ఒకే రోజు మార్చేసి ఉంటే మైలేజీ వచ్చేది గానీ, ఆ ఘనత ఎవరికి దక్కేదో తెలిసేది కాదు. బహుశా ఫిల్టరుకే ఇచ్చేవాళ్ళం.

ఇప్పుడు రొయ్యల లోడు దించిన ప్రతిసారీ, ఇంటికి రాగానే మంచినీటి పైపుతో చక్రాల లోపలి వైపు, ఛాసిస్ కింద కడిగిస్తున్నాను. వేడి మీద కాదు, డిస్కులు చల్లారాక. టార్పాలిన్ కింద ప్లాస్టిక్ షీటు వేసి, ఐసు నీళ్ళు వెనక డోరు వైపే కారేలా ఒక గొట్టం పెట్టించాం. ఆరు నెలలకోసారి క్యాలిపర్ పిన్నులు విప్పి గ్రీజు పెట్టమని బాబాయ్ చెప్పారు. కొబ్బరి, అరటి మాత్రమే వేసే బళ్ళకి ఏడాదికోసారి చాలట. కడియం నుంచి మొక్కల లోడు వేసినప్పుడు మాత్రం మైలేజీ 11 దగ్గరే ఉంటోంది. ఎత్తుగా పేర్చిన మొక్కలకి గాలి కొడుతుంది, దానికి మెకానిక్ ఏం చేయలేడు. హైవే మీద 60 దాటకుండా పోతే అక్కడ కూడా కొంచెం కలిసొస్తోంది. ముందు టైర్లు ఒకవైపు అరిగి ఉన్నాయి. దాళ్వా (రబీ వరి) కోతల కిరాయిలు అయ్యాక కొత్తవి వేయించి, ఎలైన్‌మెంట్ చేయించి, మళ్ళీ ఆ స్తంభాల దగ్గర వదిలి చూడాలి.